సెరామిక్ క్లిప్పులు, ఇరవై రెండు నెలల తర్వాత: పైన నునుపు, గాడిలో గరుకు

పై పళ్లకి సెరామిక్, కింది పళ్లకి మెటల్ క్లిప్పులు వేయించుకున్నాను. కొత్తలో అడిగినవాళ్లందరికీ సెరామిక్కే వేయించుకోమని చెప్పాను. పక్క సీటు అమ్మాయికి వారం దాకా తెలియనే లేదు. నాలుకతో తడిమితే గాజుపూసలా నున్నగా తగిలేవి.

నావి ఎత్తుపళ్లు. నాలుగు పళ్లు తీసి, ఆ ఖాళీలోకి కోరపళ్లను వెనక్కి లాగడం మొదలుపెట్టారు. పన్ను వైరు మీద జారుతూ వెళ్లాలి. మామూలుగా పై పళ్లే తొందరగా కదులుతాయట. నాకు మాత్రం కింద సందు నెలనెలా తగ్గుతోంది, పైన కుడివైపు నాలుగు నెలలైనా అంగుళం కాదు కదా, వెంట్రుకవాసి కూడా జరగలేదు. గుంటూరు నుంచి బస్సెక్కి బెజవాడ వెళ్లడం, పన్నును లాగే రబ్బరు చెయిన్ మార్పించుకోవడం, రెండు రోజులు నొప్పితో పెరుగన్నం తినడం. మూడోరోజు చూస్తే మెతుకు ఇరుక్కునే సందు అలాగే ఉండేది. అద్దం ముందు నిలబడి ఏడ్చిన రోజులున్నాయి.

ఐదో నెలలో డాక్టరు గారు వైరు బయటికి తీసి లైటు కింద చూపించారు. కోరపన్ను ఉండే చోట సన్నని నొక్కులు. గోటితో రాస్తే అక్కడ గోరు ఆగింది. పంటికి అతికించి, మధ్య గాడిలో వైరు కూర్చోబెట్టే ఈ సెరామిక్ ముక్కను బ్రాకెట్టు అంటారు. దాన్ని అల్యూమినా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేస్తారు, అది స్టీలు కన్నా బాగా గట్టిది. పన్ను కాస్త ఒరిగినప్పుడల్లా గాడి అంచు వైరును కొరుకుతుంది. లాగే బలమంతా ఆ రాపిడికే పోతుంది. పైన ఎంత పాలిష్ ఉంటే ఏం లాభం, వైరు కూర్చునేది లోపలి గాడిలో!

ఆ ఒక్క బ్రాకెట్టు తీస్తుంటే టప్పుమని ముక్కలైంది. దాని బదులు గాడిలో స్టీలు రేకు ఉన్న సెరామిక్ బ్రాకెట్టు పెట్టి, కొత్త వైరు వేశారు. రెండు నెలల్లో సందు సగమైంది. ఇలాంటి రకం ఉందని మొదటిరోజే ఒక్క మాట చెప్పి ఉంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి. నా బాధ అదే.

కనపడవు అన్నాను కదా, అది వైరును బ్రాకెట్లకి పట్టి ఉంచే రబ్బరు రింగులు మార్చిన మొదటి వారం వరకే. పసుపు వేసిన పప్పు నాలుగు పూటలు తింటే రింగులన్నీ పచ్చబడతాయి.

రోజంతా కౌంటర్లో జనంతో మాట్లాడే ఉద్యోగం కాబట్టి, మళ్లీ అయినా నేను సెరామిక్కే వేయించుకుంటానేమో. పళ్లు తీయకుండా సరిచేసేవాళ్లకి ఈ గొడవ అంతగా ఉండకపోవచ్చు. పళ్లు తీయించుకునేవాళ్లు మాత్రం గాడి లోపల ఏముందో ముందే అడగండి. నా పన్ను కొంచెం ఎక్కువ ఒరిగిందని కూడా డాక్టరు గారు అన్నారు, అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను.

ఎడమవైపు కోరపన్నుకి ఇంకా పాత బ్రాకెట్టే ఉంది. మెల్లగానైనా జరుగుతోంది కాబట్టి దాన్ని మార్చమని అడగలేదు.