కారు క్యాట్‌కాన్ (పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) తీయించాను, ఐదు వారాలకు మళ్ళీ పెట్టించాను: ఆటోనగర్‌లో రెండు షాపుల అనుభవం

విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ నుంచి గుంటూరులో నేను పాఠం చెప్పే జూనియర్ కాలేజీకి రోజూ రానూ పోనూ దాదాపు 70 కిలోమీటర్లు. 2018లో కొన్న చిన్న పెట్రోలు కారు, మూడు సిలిండర్లది. 92 వేల కిలోమీటర్ల దాకా ఏ పేచీ పెట్టలేదు. పోయిన మార్చిలో కనకదుర్గ వారధి ఎక్కేటప్పుడు నీరసించడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా 80 దాటదు. కాజ టోల్‌గేటులో ఆగి మళ్ళీ కదిలే లోపు వెనక లారీల హారన్లు. లీటరుకు 17 ఇచ్చే బండి 12కు దిగింది.

అంతకు ముందు ఫిబ్రవరిలో రెండు మూడు సార్లు డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం మిణుకు మిణుకుమని ఆరిపోయింది. ఆరిపోయింది కదా అని ఊరుకున్నాను. అసలు కథంతా అక్కడే ఉందని మే నెలాఖరులో గాని నాకు తెలియలేదు.

ఆటోనగర్‌లో సైలెన్సర్ల పనికి పేరున్న ఒక షాపుకు తీసుకువెళ్ళాను. పేరు రాయడం లేదు. కుర్రవాడు బండి ఒకసారి రేజ్ చేసి, సైలెన్సర్ వెనక అరచేయి పెట్టి చూసి, పది నిమిషాల్లో తేల్చేశాడు. "క్యాట్‌కాన్ జామ్ అయింది మేడమ్. తీసేసి మామూలు పైపు వేస్తాం. పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది. వెల్డింగ్‌కు 2,500. పాతది మాకు ఇచ్చేస్తే మేమే 4,000 ఇస్తాం." కంపెనీ షోరూములో కొత్తదానికి 38 వేలు చెప్పారు. ఇక్కడ ఎదురు 1,500 చేతికి వస్తున్నాయి. ఒప్పుకున్నాను.

కటింగ్ మిషన్‌తో పైపు కోసి ఆ డబ్బాను కింద పెట్టాక వంగి లోపలికి చూశాను. పింగాణీతో చేసిన తేనెపట్టులా ఉంటుంది అది. పెన్సిలు మొన కూడా దూరనంత సన్నని చతురస్రపు గదులు, వందల కొద్దీ. ఒక అంచున ఆ గదులు చక్కగా వరుసలు తీరి ఉన్నాయి. మధ్యలో మాత్రం పాకం పోసి గడ్డకట్టించినట్టు కరిగి, మెరుస్తూ, ముద్దగా మూసుకుపోయి ఉంది. కదిపితే లోపల పెంకులు గలగలమన్నాయి. పిల్లలకు చూపిద్దామని ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఆ ఫొటోయే తర్వాత నా బండిని బాగు చేసింది.

నేను చెప్పేది రసాయన శాస్త్రం. ఉత్ప్రేరకం అంటే ఏమిటో ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. ఆ గదుల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పలచగా పూసి ఉంటాయి. కార్బన్ మోనాక్సైడును, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని అవి బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారుస్తాయి. నైట్రోజన్ ఆక్సైడులను విడదీసి మామూలు నైట్రోజన్‌గా వదులుతాయి. ఈ పరికరం పెట్టాలనే సీసం లేని పెట్రోలు తెచ్చారు, ఎందుకంటే సీసం దీనికి ఉత్ప్రేరక విషం, అంటే దీన్ని పని చేయనివ్వదు. 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నైలలో కొత్త కార్లతో మొదలై, 2000 నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఇదంతా పరీక్షకు చదివించే నేను, నా బండి దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న అడగలేదు. అది ఎందుకు కరిగిందని అడగాల్సింది. ఆ పింగాణీ కరగాలంటే సుమారు 1,400 డిగ్రీల వేడి కావాలి. మామూలుగా నడిచే బండిలో అంత వేడి పుట్టదు.

మొదటి రోజు బండి బాణంలా వెళ్ళింది. నిజమే చెబుతున్నాను. మంగళగిరి దాటేదాకా సంతోషపడ్డాను. ఇక్కడే చాలామంది పొరపడతారు. మూసుకుపోయిన గొట్టం తెరిస్తే బండి కదలకుండా ఎలా ఉంటుంది? పోల్చాల్సింది చెడిపోయిన క్యాట్‌కాన్‌తో కాదు, బాగున్న క్యాట్‌కాన్‌తో. బాగున్నది పొగకు పెట్టే అడ్డు చాలా తక్కువ. రోజువారీ నడిపే చిన్న కారులో ఆ తేడా కాలికి తెలియదు. పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించేది క్యాట్‌కాన్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్. క్యాట్‌కాన్ ఉన్నా లేకున్నా అది తన లెక్క ప్రకారమే పోయిస్తుంది. కాబట్టి మైలేజీ పెరగడానికి కారణమే లేదు. నా బండి 12 నుంచి 14కు వచ్చి ఆగిపోయింది. ఒకప్పటి 17 రాలేదు.

మూడో రోజున ఇంజిన్ దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. క్యాట్‌కాన్ వెనక ఉండే రెండో సెన్సర్ పని అది సరిగా ఉందో లేదో చూడటమే. క్యాట్‌కాన్ లేదని గుర్తుపట్టేసింది. షాపుకు ఫోను చేస్తే "సెన్సర్ కింద ఒక గొట్టం బిగిస్తాం, ఇంక వెలగదు, 800" అన్నాడు. అబద్ధం చెప్పించడానికి 800 అన్నమాట. వద్దన్నాను. అయితే ఎప్పుడూ వెలిగే దీపం వల్ల పెద్ద నష్టం ఒకటుంది. బండికి ఇంకే జబ్బు చేసినా చెప్పడానికి వేరే దీపం లేదు.

వాసన గురించి చెప్పాలి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర అద్దాలు దించితే పచ్చి పెట్రోలు కంపు. వెనక సీటులో కూర్చున్న అమ్మకు తలనొప్పి. అవన్నీ నేను ఓర్చుకునేదాన్నేమో. కానీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, నా పార్కింగుకు పది అడుగుల దూరంలో, వాచ్‌మన్ కుటుంబం ఉండే గది ఉంది. ఒక కిటికీ, ఒక తలుపు, రెండూ సెల్లార్‌లోకే. వాళ్ళ చిన్న పాపకు మూడేళ్ళు. ఒక ఉదయం నేను బండి స్టార్ట్ చేసి ఏసీ వేసుకుని ఫోను చూసుకుంటుంటే, ఆ తల్లి వచ్చి అద్దం మీద తట్టింది. "అమ్మగారూ, ఏమీ అనుకోవద్దు. మీ కారు స్టార్ట్ చేస్తే మా గదిలో కళ్ళు మండుతున్నాయి. పాప దగ్గుతోంది. ఇదివరకు ఇలా ఉండేది కాదు."

కళ్ళు మండించే వాయువులైనా తెలుస్తాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. ఆ గదిలోకి ఎంత పోయిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. అప్పటినుంచి బండిని బయట రోడ్డు పక్కనే పెట్టాను. ఆ వారమే పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరితే పెట్రోలు బంకు దగ్గరున్న వ్యానుకు వెళ్ళాను. నా బండి తరగతికి ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ నడిచేటప్పుడు, కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు (కాలని పెట్రోలు ఆవిరి) 200 పీపీఎం (పది లక్షల్లో 200 భాగాలు) మించకూడదు. మిషన్ చూపించినవి 0.9, 430. ఫెయిల్. చట్టం సంగతీ అప్పుడే చదివాను. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. చేతికి వచ్చిన 1,500 కోసం.

రెండో షాపుకు బోర్డు లేదు. లేత్ షాపుల వరుస చివర వేపచెట్టు కింద ఒక రేకుల షెడ్డు, అరవై దాటిన మేస్త్రి గారు, ఇద్దరు పనివాళ్ళు. కాలేజీలో సహోద్యోగి ఒకరు పంపించారు. ఆయన బండిని ముట్టుకోకముందే "తీసేసిన ముక్క ఉందా అమ్మా?" అన్నారు. అమ్మేశానన్నాను. ఆయన మొహం చూసి ఫోనులో ఫొటో చూపించాను. కళ్ళజోడు పైకి నెట్టి, ఫొటో పెద్దది చేసి, చాలాసేపు చూశారు. "ఇది దానంతట అది పోలేదమ్మా. చంపేశారు. మీ ఇంజిన్ మిస్సింగ్ కొడుతోంది."

స్కానర్ పెట్టి పక్కన కూర్చుని నన్ను కంకిపాడు రోడ్డు మీద నడపమన్నారు. లోడు పడినప్పుడల్లా మూడో సిలిండర్ దగ్గర మిస్సింగ్ లెక్కించే అంకెలు పెరిగాయి. తిరిగి వచ్చి, ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ విప్పి గోరుతో చూపించారు. నల్లటి ఒంటి మీద వెంట్రుక మందం పగులు. నిప్పురవ్వ ఆ పగులు నుంచి పక్కకు పారిపోతోంది. సిలిండర్‌లో కాలని పెట్రోలు నేరుగా క్యాట్‌కాన్‌లోకి వెళ్ళి అక్కడ మండింది. తేనెపట్టు కరిగింది అందుకే. ఫిబ్రవరిలో మిణుకుమన్న దీపం చెప్పిందీ అదే. ఆ దీపం వెలిగి నిలబడితే నెమ్మదిగా చూపించుకోవచ్చు గాని, మిణుకుమంటే వేగం తగ్గించి వెంటనే షాపుకు తీసుకుపోవాలట, లేకపోతే క్యాట్‌కాన్ పోతుందట. ఆ రోజే కాయిల్ మార్చి ఉంటే నాకు అయ్యేది 1,800 రూపాయలు.

కోయకుండానే జామ్ అయిందో లేదో తెలుసుకునే పద్ధతి కూడా చూపించారు. ముందున్న సెన్సర్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించి, బండి రేజ్ చేస్తే ముల్లు చెబుతుంది. పావుగంట పని. మొదటి షాపు గోడకు కూడా అలాంటి గేజి వేలాడుతూ నాకు గుర్తుంది.

బిల్లు: కాయిల్ 1,800, మూడు ప్లగ్గులు 900, ఏడాది గ్యారంటీతో బయటి కంపెనీ క్యాట్‌కాన్ 14,500, కూలి 2,200. మొత్తం 19,400. నాలుగైదు వేలకు దొరికేవి కూడా ఉన్నాయి. వాటిలో ఆ విలువైన లోహాల పూత మరీ పలచన అనీ, ఎక్కువ కాలం నిలవవనీ ఆయనే వద్దన్నారు. బిగించాక ఇంజిన్ వేడెక్కనిచ్చి, వేడి కొలిచే గన్ను పట్టుకుని రెండు చివరలా కొలిచారు. పొగ బయటికి వచ్చే వైపు వేడి ఎక్కువ చూపించింది. లోపల పని జరుగుతోందని దాని అర్థం. మర్నాడు అదే వ్యాను దగ్గర 0.03, 25 వచ్చాయి. మైలేజీ వారం తిరగకుండానే 17. క్యాట్‌కాన్ ఉన్న బండిలో, గుర్తుపెట్టుకోండి.

లోపాలూ రాయాలి. సాయంత్రానికి ఇస్తామన్న బండి మర్నాడు మధ్యాహ్నం ఇచ్చారు. కూర్చోవడానికి పాత టైరు తప్ప ఏమీ లేదు, మే నెల ఎండలో రేకుల కింద మూడు గంటలు కష్టమే. మొదట చీటీ మీద లెక్క రాసి ఇచ్చారు. గ్యారంటీ కోసం అసలు బిల్లు రెండుసార్లు అడిగి తీసుకోవాల్సి వచ్చింది. అయినా మళ్ళీ అక్కడికే వెళతాను. ఆయన తీసిన ప్రతి పాత భాగాన్నీ కవర్లో పెట్టి నా చేతికిచ్చారు. పగిలిన కాయిల్ ఇప్పుడు మా ల్యాబులో ఉంది.

ఎనిమిది నెలలైంది. బండి మళ్ళీ సెల్లార్‌లోనే ఉంటుంది. స్టార్ట్ చేసి నిలబెట్టడం మాత్రం మానేశాను, బాగున్న క్యాట్‌కాన్ కూడా వేడెక్కేదాకా పని చేయదు కాబట్టి. వెళ్ళేవాళ్ళు ఉదయం పదిలోపు వెళ్ళండి, మేస్త్రి గారికి తీరిక ఉంటుంది. ఆదివారం సెలవు.