కాలేజ్ ఫుట్‌బాల్ 25: ఓడే టీమ్‌ని చేతికిచ్చే గేమ్, ఒక పీడీ రివ్యూ

ఈఏ స్పోర్ట్స్ కాలేజ్ ఫుట్‌బాల్ 25 అమెరికా కాలేజీల ఆట మీద తీసిన వీడియో గేమ్. మన తిరుపతిలో దీన్ని ఆడేవాళ్లు చాలా తక్కువ ఉంటారు. అయినా కాలేజీ టీమ్‌లతో సంబంధం ఉన్న ప్రతి పీడీ (ఫిజికల్ డైరెక్టరు), ప్రతి కరస్పాండెంటు ఒక్కసారైనా దీని ముందు కూర్చోవాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే రాస్తున్నాను.

నేను ఇక్కడే ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. కబడ్డీ, వాలీబాల్ టీమ్‌లు తయారు చేయడమే నా ఉద్యోగం. మా అమ్మాయి టెంపీలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తోంది. సెలవులకు వచ్చినప్పుడు తమ్ముడి ప్లేస్టేషన్ 5 కోసం ఈ డిస్క్ తెచ్చింది. వాడు కొన్నాళ్లు ఆడి మళ్లీ క్రికెట్ గేమ్‌కి వెళ్లిపోయాడు. డిస్క్ నా పాలిట పడింది.

ముందు ఆట సంగతి. ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదా విసరాలి. ఒక్కో వైపు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. అవతలి చివర గీత దాటిస్తే 6 పాయింట్లు. కబడ్డీ ఎరిగినవాడికి తొందరగానే పట్టుబడుతుంది. అక్కడా ఇక్కడా ఒంటి బలం ఒక్కటే చాలదు, అవతలివాడు ఎటు కదలబోతున్నాడో ముందే చూడగలగాలి.

ఈ గేమ్ వెనక ఒక కథ ఉంది. 2013లో వచ్చిన దాని తర్వాత 11 ఏళ్ల పాటు కాలేజీ ఫుట్‌బాల్ గేమే రాలేదు. ఎడ్ ఓబానన్ అనే మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు 2009లో కేసు వేశాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ వీడియో గేమ్‌లో తన పోలికలున్న బొమ్మని వాడుకుని అమ్ముతున్నారు, ఆడిన నాకు పైసా రాలేదు అన్నది అతని వాదన. చివరికి 2021లో నిబంధనలు మారి, కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, రూపం మీద సంపాదించుకునే వీలు కలిగింది. 2024 జూలై 19న 134 కాలేజీ టీమ్‌లతో ఈ గేమ్ వచ్చినప్పుడు, ఒప్పుకున్న ప్రతి ఆటగాడికీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. అలా చేరినవాళ్లు 10,000 మందికి పైనే. టీఏ, డీఏ కోసం పిల్లల చేత సంతకాలు పెట్టించి, ఆ డబ్బు ఎప్పుడొస్తుందా అని ఆఫీసు చుట్టూ తిరిగిన నాకు ఈ ఒక్క విషయం చాలా నచ్చింది. ఆడేది వాళ్లు. డబ్బు వాళ్లకు రావాలి.

ఇక అసలు విషయం. ఇందులో 'డైనస్టీ' అని ఒక పద్ధతి ఉంది. మీరు కోచ్ అవుతారు. ఒక కాలేజీని ఎంచుకుని 30 సీజన్ల వరకు నడపవచ్చు. నేను సహజంగానే మా అమ్మాయి కాలేజీని తీసుకున్నాను. ఈ గేమ్‌లో ఉన్నది 2024 సీజన్‌కి ముందున్న అరిజోనా స్టేట్. అంటే పేరు పడిపోయి, మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటున్న టీమ్.

కోచ్‌గా కూర్చున్నాక గ్రౌండ్‌లో ఆడే సమయం కన్నా బయట గడిపే సమయమే ఎక్కువ. హైస్కూల్ కుర్రాళ్లను మీ కాలేజీకి రప్పించాలి. మీ జాబితాలో 35 మందిని పెట్టుకోవచ్చు. వారానికి ఇన్ని గంటలని ఇస్తారు, వాటిని ఎవరి మీద ఎంత ఖర్చు పెట్టాలో మీరే తేల్చుకోవాలి. పెద్ద పేరున్న కాలేజీకి గంటలు ఎక్కువ, పడిపోయిన కాలేజీకి తక్కువ. ఆ తక్కువ గంటల్లోనే కుర్రాడికి మెసేజ్ పెట్టాలి, వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి, క్యాంపస్ చూపించడానికి పిలవాలి. ఒక్కో కుర్రాడికి ఒక్కో పట్టుదల. ఒకడికి మొదటి ఏడాదే ఆడే అవకాశం కావాలి. ఇంకొకడు ప్రొఫెషనల్ లీగ్‌కి దారి చూస్తాడు. ఇంటికి దగ్గరగా ఉంటే చాలనేవాడు వేరొకడు. వాడు కోరింది దొరక్కపోతే తర్వాత టీమ్ మారిపోతాడు కూడా.

ఇది చూస్తుంటే పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి వైపు జూనియర్ కాలేజీల గ్రౌండ్లకు నేను పోయిన రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి. మంచి రైడర్ ఒకడు కనిపిస్తే వాడి ఇంటికి వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడాలి. ఆయన అడిగేది ఆట గురించి కాదు. "హాస్టల్ ఫ్రీనా సార్? పిల్లోడికి చదువు వస్తాదా?" ఆ రెండింటికీ జవాబు చెప్పగలిగితేనే వాడు మనవాడు. వీడియో గేమ్ తీసినవాళ్లు ఆ గడప దగ్గర జరిగే మాటని అంకెల్లోకి దించారు. నాకు ఆశ్చర్యమేసింది.

మొదటి సీజన్‌లో గెలిచిన వాటికన్నా ఓడినవే ఎక్కువ. బయటి ఊళ్లో ఆడేటప్పుడు మరీ కష్టం. పెద్ద స్టేడియంలో జనం అరుపులకు స్క్రీన్ ఊగిపోతుంది. మన కొత్త కుర్రాళ్లు ఎటు పరిగెత్తాలో చూపించే గీతలు కూడా వంకర్లు పోతాయి. ఎప్పుడూ బయట ఆడని మొదటి ఏడాది పిల్లల్ని తీసుకుని యూనివర్సిటీ టోర్నమెంట్‌కి వెళ్లినవాడికి ఆ గీతలు వంకర పోవడం అంటే ఏమిటో తెలుసు. మా వాలీబాల్ పిల్లలు తారకరామ స్టేడియంలో గ్యాలరీ నిండితే సర్వీసు కూడా వేయలేకపోయేవాళ్లు.

సీజన్ అయిపోయాక ఒక పట్టిక వస్తుంది. ఏ కుర్రాడు ఏడాదిలో ఎంత పెరిగాడో అందులో కనిపిస్తుంది. ఓడిపోయిన సీజన్ తర్వాత ఆ పట్టిక తెరిచి చూస్తే, పోయినేడు బెంచీ మీద కూర్చున్నవాడు ఈసారి ఆడటానికి సిద్ధంగా ఉంటాడు. ఎవరి దగ్గరా పెద్ద పేరు లేని, ఐదుకి మూడు నక్షత్రాల రేటింగున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఒకణ్ని నేను అరిజోనాలోనే ఉన్న టూసాన్ వైపు నుంచి తెచ్చుకున్నాను. మొదటి ఏడాది వాడిని ఒక్క మ్యాచ్‌కీ దింపలేదు. వాడి పక్కనున్న అంకె పెరుగుతుంటే నాకు కలిగిన సంతోషం గెలిచిన మ్యాచ్‌కి కూడా కలగలేదు. కోచ్ చూసేది ఆ పట్టికని. అభిమాని చూసేది స్కోరుబోర్డుని. మళ్లీ కడుతున్న టీమ్ విషయంలో వచ్చే గొడవంతా ఈ రెంటి మధ్యనే.

నిజం అరిజోనా స్టేట్ కథ చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2022లో ఆ టీమ్ 3 గెలిచి 9 ఓడింది. సీజన్ మొదట్లోనే కోచ్ హెర్మ్ ఎడ్వర్డ్స్ ఉద్యోగం పోయింది. కోవిడ్ సమయంలో నిబంధనలు తప్పి కుర్రాళ్లను పిలిపించారన్న విచారణ ఒకటి నెత్తిన ఉంది. ఆ ఏడాది చివర్లో అదే కాలేజీలో చదువుకున్న కెన్నీ డిల్లింగ్‌హమ్‌ని కోచ్‌గా పెట్టారు. వయసు 32. 2023లో ఆ విచారణ కారణంగా సీజన్ తర్వాతి మ్యాచ్‌లు ఆడబోమని కాలేజీయే ముందుగా ప్రకటించింది. ఆ ఏడాది కూడా 3 గెలుపులు, 9 ఓటములు. 2024లో బిగ్ 12 అనే వేరే లీగ్‌లోకి మారారు. 16 టీమ్‌లలో వీళ్లకు 16వ స్థానం వస్తుందని సీజన్‌కి ముందు జరిగిన పోల్ చెప్పింది.

ఆ 16వ టీమ్ లీగ్ ఫైనల్లో అయోవా స్టేట్‌ని 45-19తో కొట్టి కప్పు పట్టుకుపోయింది. కామ్ స్కాటెబో అనే రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఒంటి మీద ముగ్గురు పడినా ఆగడు. అతను శాక్రమెంటో స్టేట్ అనే చిన్న టీమ్ నుంచి మారి వచ్చినవాడు. 2025 జనవరి 1న, సీజన్ తర్వాత ఆడే పీచ్ బౌల్‌లో టెక్సస్ టీమ్‌తో మ్యాచ్ మనకు రాత్రి 11:30కి మొదలైంది. రెండు సార్లు అదనపు సమయానికి వెళ్లి 39-31తో ఓడారు. ఓడినా మా అమ్మాయి ఫోన్‌లో ఏడుస్తూనే నవ్వింది. "నాన్నా, మమ్మల్ని ఆఖరున పెట్టారు తెలుసా" అంది. ఎమ్మెస్ చేయడానికి వెళ్లిన పిల్ల "మమ్మల్ని" అనడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆ తర్వాతే కష్టం. 2025 సీజన్‌కి ముందు దేశం మొత్తం మీద 11వ ర్యాంకు ఇచ్చారు. స్కాటెబో చదువు ముగిసి ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లిపోయాడు. క్వార్టర్‌బ్యాక్ శామ్ లెవిట్‌కి గాయమైంది. ఈసారి 8 మ్యాచ్‌లు గెలిచారు. టెంపీలో శనివారం రాత్రి 7:30కి మ్యాచ్ అంటే మనకు ఆదివారం పొద్దున 8. ఆ పొద్దున్నే మా అమ్మాయి గొంతు విని గెలుపో ఓటమో చెప్పేసేవాణ్ని. 8 గెలుపుల టీమ్ మీద ఆమె స్నేహితులు కోపంగా ఉన్నారట. రెండేళ్ల ముందు ఇదే టీమ్ 3 గెలిచింది కదమ్మా అంటే, "అప్పుడు మేం ఏమీ అనుకోలేదు నాన్నా, ఇప్పుడు అనుకున్నాం" అంది.

ఆ పిల్లల్ని నేను తప్పు పట్టను. ఎండలో కూర్చుని ఓటములు చూసినవాళ్లకు ఆశపడే హక్కు ఉంది. కానీ ఆశకి ఒక కొలత ఉండాలి. పీడీగా నేను చూసేది ఓడిన మ్యాచ్‌లలో తేడా తగ్గుతోందా, రెండో ఏడాది పిల్లలు మూడో ఏడాదికి మనతోనే ఉంటున్నారా అని. మేనేజ్‌మెంట్లు వీటిని అడగవు. నేను పనిచేసిన చోట కబడ్డీ టీమ్ మొత్తం ఫైనలియర్ పిల్లలే. వాళ్లు వెళ్లిపోగానే కొత్తవాళ్లతో మొదలుపెట్టాను. ఆ ఏడాదే "ట్రోఫీ ఎక్కడ సార్?" అని అడిగారు. నా దగ్గరున్న మంచి రైడర్‌ని ఇంకో కాలేజీ ఫీజు లేకుండా, హాస్టల్ ఇచ్చి తీసుకుపోయింది. అమెరికాలో దీన్ని ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు, గేమ్‌లోనూ ఉంది. సీజన్ చివర పోతానంటున్న కుర్రాణ్ని కూర్చోబెట్టి మాట్లాడి ఆపే ప్రయత్నం చేయవచ్చు. కొన్నిసార్లు ఆగుతాడు, కొన్నిసార్లు ఆగడు. నిజంలోనూ అంతే.

గేమ్‌లో నాకు వెలితిగా తోచింది కూడా ఇక్కడే ఉంది. స్టేడియంలో అభిమాని గొంతు అద్భుతంగా వినిపిస్తుంది. మ్యాచ్ అయిపోయాక మాత్రం ఆ అభిమాని మాయమైపోతాడు. కోచ్ కాంట్రాక్టు ఉంది, పని బాగా లేకపోతే ఉద్యోగం పోతుంది, అది సరే. కానీ ఒక మంచి సీజన్ తర్వాత జనం ఆశ ఎలా పెరిగిపోతుందో, దాని బరువు పిల్లల మీద ఎలా పడుతుందో ఇందులో సరిగ్గా తెలియదు. పాత విద్యార్థుల ఫోన్లు లేవు, డబ్బు ఇచ్చేవాళ్ల ఒత్తిడి లేదు. టీమ్ కట్టడంలో సగం కష్టం అదే.

రెండో మాట. చేతిలో రిమోట్ బాగా తిరిగేవాడు బలహీనమైన టీమ్‌తో కూడా గెలిచేస్తాడు. మా అబ్బాయి అలాగే గెలిచాడు. అప్పుడు టీమ్ కట్టడం అన్న మాటకే అర్థం లేదు, గెలిచేది వాడి బొటనవేలు. అందుకే నేను మ్యాచ్‌లు సొంతంగా ఆడటం చాలావరకు మానేశాను. వారం వారం ముందుకు జరిపి, ఫలితం గేమ్‌కే వదిలేస్తాను. పిల్లల్ని వెతకడం, నిలుపుకోవడం, ఎవరిని ఎప్పుడు దింపాలో చూడటం మాత్రం నావి. అలా ఆడితే మూడు నాలుగు సీజన్లు ఓపిక పట్టక తప్పదు. ఓపిక పట్టాక వచ్చే గెలుపు మీదే అవుతుంది.

బొమ్మలు, స్టేడియాలు, బ్యాండు పాటలు చాలా బాగున్నాయి. వాటి గురించి కుర్రాళ్లు నాకన్నా బాగా చెబుతారు. కామెంటరీ ఇంగ్లిష్‌లో వేగంగా సాగుతుంది, ఆట తెలియనివాళ్లకు మొదట్లో అర్థం కాదు. రిక్రూటింగ్ పేజీల నిండా చిన్న అక్షరాలు. నా వయసువాళ్లు టీవీకి కాస్త దగ్గరగా కూర్చోవాలి.

అమెరికాలో విడుదలైనప్పుడు ధర 70 డాలర్లు, అంటే మన డబ్బుల్లో ఆరు వేలకి అటూ ఇటూ. ప్లేస్టేషన్ 5 లేదా ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ ఉండాలి. కంప్యూటర్‌లో రాదు, పాత ప్లేస్టేషన్ 4లోనూ పనిచేయదు. అమెరికాలో కొన్న ప్లేస్టేషన్ డిస్క్ ఇక్కడి మెషీన్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తోంది. 2025 జూలైలో దీని తర్వాతిది, కాలేజ్ ఫుట్‌బాల్ 26 వచ్చింది. అరిజోనా స్టేట్‌ని కింది నుంచి కట్టాలనుకుంటే మాత్రం 25 తీసుకోండి.

మొదలుపెట్టేవాళ్లు జార్జియా, ఒహాయో స్టేట్ లాంటి పెద్ద టీమ్‌లు ఎంచుకోవద్దు. వాటితో గెలవడంలో నేర్చుకునేది తక్కువ. పోయినేడు బాగా ఓడిన టీమ్ ఒకటి తీసుకోండి. ఆట వచ్చేదాకా కష్టం స్థాయిని వర్సిటీలో పెట్టి, తర్వాత ఆల్ అమెరికన్‌కి పెంచండి. మొదటి సీజన్‌లో మీ దగ్గరున్న సీనియర్లనే ఆడించి, కొత్త పిల్లల్ని బెంచీ మీద పెరగనివ్వండి.