జాగ్రత్త: రోడ్ సైకిల్‌కి స్ట్రెయిట్ హ్యాండిల్ వేయిస్తున్నారా, ముందు బ్రేక్ లివర్లు చూసుకోండి

విజయవాడలో తక్కువ రేటులో రోడ్ సైకిల్ కొని ఆఫీసుకి తొక్కుదాం అనుకునేవాళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా వంపు హ్యాండిల్ తీయించేద్దాం అనుకునేవాళ్లు.

నేనుండేది ఉండవల్లి, ఆఫీసు గవర్నర్‌పేటలో, రోజూ ప్రకాశం బ్యారేజీ మీదుగానే రాకపోకలు. మేలో 13,500 పెట్టి కొత్త సైకిల్ తీసుకున్నా. స్టీల్ ఫ్రేము, 700సి అనే పెద్ద సైజు చక్రాలు, వెనక ఏడు గేర్లు. సైకిల్‌ని తప్పు పట్టను, ఆ రేటుకి బానే ఉంది. కానీ వంపు హ్యాండిల్ పట్టుకుని వంగి తొక్కుతుంటే మెడ పట్టేసేది, బస్టాండు దగ్గర ఆటోలు ఎటు నుంచి దూరతాయో కూడా సరిగ్గా కనపడేది కాదు, అందుకని కొన్న షాపులోనే స్ట్రెయిట్ హ్యాండిల్ వేయమన్నా. లివర్లు, గ్రిప్పులు, కేబుళ్లు, లేబరు అన్నీ కలిపి 2,200. లివర్లు ఈ బ్రేకులకి సరిపోతాయా అని అడిగితే "ఏ లివరైనా ఒకటే సార్" అన్నాడు.

నొక్కితే లివర్ రాయిలా గట్టిగా ఉండేది. నేనేమో బ్రేకులు టైటుగా ఉన్నాయి, మంచిదే అనుకున్నా.

జులైలో ఒక సాయంత్రం వాన అప్పుడే వెలిసింది, బ్యారేజీ దిగి బస్టాండు వైపు వస్తుంటే ముందున్న ఆటో ఠక్కున ఆగింది, రెండు లివర్లూ వేళ్లు నొప్పిపుట్టేలా నొక్కా, సైకిల్ ఆగట్లేదు, పైగా బరువంతా చేతుల మీద పడేసరికి హ్యాండిల్, దాన్ని బిగించి పట్టే క్లాంపులోనే గిర్రున కిందకి తిరిగిపోయింది. ఆటో వెనక గుద్దుకుని పడ్డా. మోచేతికి ఐదు కుట్లు. వెనకాలే బస్సు వచ్చి ఉంటే ఏమయ్యేదో, ఇప్పటికీ తలచుకుంటే గుండె దడ.

వన్‌టౌన్‌లో ఎప్పట్నుంచో సైకిళ్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే చూడగానే "బాబూ, లివర్ వేరు, బ్రేకు వేరు, ఈ రెండిటికీ కుదరదు" అన్నాడు. సంగతేంటంటే నా రోడ్ సైకిల్‌కి ఉన్నవి కేలిపర్ బ్రేకులు, అంటే చక్రం పైన ఉండి రిమ్ముని పటకారులా పట్టేవి, వాటికి కేబుల్ కొంచెం లాగితే చాలు. నాకు బిగించినవి ఎంటీబీ (మౌంటెన్ బైక్) సైకిళ్లకి ఉండే, చక్రానికి రెండు పక్కలా పొడుగాటి చేతులుండే వి-బ్రేకుల లివర్లు, అవి దాదాపు రెట్టింపు కేబుల్ లాగుతాయి. కేబుల్ ఎక్కువ లాగితే మంచిదే కదా అనిపిస్తుంది, కాదు, లాగే పొడవు పెరిగిన కొద్దీ లాగే బలం తగ్గుతుంది, మనం ఎంత నొక్కినా బ్రేకు షూ (రబ్బరు ముక్క) రిమ్ముని పట్టేది సగం బలంతోనే. అందుకే లివర్ గట్టిగా ఉంటుంది, సైకిల్ మాత్రం ఆగదు. అసలే తడి రిమ్ము, ఇంక చెప్పేదేముంది.

తర్వాత హ్యాండిల్ క్లాంపు విప్పాడు. లోపల్నుంచి కూల్‌డ్రింకు టిన్ను కోసిన రేకు ముక్క, రెండు చుట్లు చుట్టి పెట్టింది, బయటికొచ్చింది! క్లాంపు సైజు కాస్త పెద్దది, వాళ్లు వేసిన హ్యాండిల్ 25.4 మిల్లీమీటర్లు, మధ్యలో ఖాళీకి ఆ రేకు. దానికంటూ సరైన షిమ్ము (ఖాళీ పూడ్చే రింగు) దొరుకుతుంది, లేదా స్టెమ్ (కొసన క్లాంపు ఉండి హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క) మార్చాలి, అది వదిలేసి రేకు కుక్కారు. ఒక మనిషి ప్రాణం పెట్టి పట్టుకునే హ్యాండిల్ అండి అది.

షాపుకెళ్లి అడిగితే మాడిఫై చేయించాక వారంటీ ఉండదన్నారు. చేసింది మీరే కదా అంటే బిల్లులో లేబర్ అని మాత్రమే ఉంది అన్నారు. నిజమే, ఏం వేశారో ఒక్క ముక్క రాయలేదు. మీరు మాత్రం లివర్ ఏ రకమో, హ్యాండిల్ సైజెంతో బిల్లు మీద రాయించుకోండి. కొన్ని లివర్లకి వి (వి-బ్రేకులకి) అని, సి ఆర్ (తక్కువ కేబుల్ చాలే బ్రేకులకి) అని మార్చుకునే సెట్టింగు ఉంటుంది, కేలిపర్ బ్రేకు అయితే అది వి మీద ఉండకూడదు. పని అవగానే డబ్బులిచ్చేయకుండా షాపు ముందే ముందు చక్రం బ్రేకు నొక్కి పట్టుకుని సైకిల్‌ని ముందుకి తోయండి, చక్రం కదలకుండా వెనక చక్రం పైకి లేవాలి. హ్యాండిల్ రెండు కొసలూ పట్టుకుని ఒంటి బరువంతా వేసి కిందకి నొక్కండి, వెంట్రుకవాసి తిరిగినా తీసుకోవద్దు.

పెద్దాయన కేలిపర్‌కి సరిపడే లివర్లు, 25.4 స్టెమ్ వేసి 1,400 తీసుకున్నాడు. ఇప్పుడు రెండు వేళ్లతో నొక్కితే ఆగుతోంది. ఆ రేకు ముక్క నా దగ్గరే దాచా, ఎవరైనా అదే షాపుకి వెళ్లబోతుంటే నన్ను అడగండి, చూపిస్తా.