చిట్టి జబ్బుకు పేరు దొరికింది

అయిదేళ్ల మా లాబ్రడార్ చిట్టికి మూడు నెలలుగా వాంతులు, నీరసం. సెలైన్ పెడితే రెండు రోజులు తేరుకునేది, మళ్లీ మొదటికే వచ్చేది. ఇంటి దగ్గరి క్లినిక్‌లో ప్రతిసారీ అజీర్తి మందులే రాశారు. చివరికి సికింద్రాబాద్‌లో జంతువుల అంతర్గత వ్యాధుల నిపుణురాలికి చూపించాం.

ఆవిడ చిట్టిని బల్ల ఎక్కించమనలేదు. తనే నేల మీద కూర్చుని, దాని తొడ లోపలివైపు వేళ్లు ఆనించి నాడి చూశారు. ఇంత నీరసించిన కుక్కకు గుండె వేగంగా కొట్టుకోవాలి, దీనికి నెమ్మదిగా ఉందేమిటని అక్కడే ఆగిపోయారు. రక్తపరీక్షలో సోడియం 128, పొటాషియం 6.4. వీటి నిష్పత్తి 27 కంటే తగ్గితే అడిసన్స్ వ్యాధిని అనుమానించాలట. మాకు వచ్చింది 20. కిడ్నీల దగ్గరుండే అడ్రినల్ గ్రంథులను ఉత్తేజపరిచే ఒక ఇంజెక్షన్ ఇచ్చి, దానికి ముందూ గంట తర్వాతా అవి తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్‌ను కొలిచారు. రెండుసార్లూ దాదాపు ఏమీ లేదు. ఆ గ్రంథులు పనిచేయడం లేదని, అంటే అడిసన్స్ వ్యాధేనని తేలింది.

ఖర్చు ఎక్కువే. అపాయింట్‌మెంట్ కోసం తొమ్మిది రోజులు ఆగాం. నోరులేని జీవానికి అది చాలా ఎక్కువ. కానీ ఫ్లూడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు జీవితాంతం ఎందుకు వేయాలో కాగితం మీద గ్రంథుల బొమ్మ గీసి మరీ చెప్పారు. ఒత్తిడి పెరిగే ప్రయాణాలకు, దీపావళి టపాసుల రోజులకు ప్రెడ్నిసొలోన్ ఎంత పెంచాలో ముందే రాసిచ్చారు.

నాలుగో రోజు పొద్దున పాలవాడి గంట వినగానే చిట్టి గేటు దాకా పరుగెత్తింది.