న్యూ హేవెన్ బొగ్గు పొయ్యి పిజ్జాలు: అంతసేపు క్యూలో నిలబడొచ్చా?

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్‌లో మెట్రో నార్త్ రైలెక్కితే సుమారు రెండు గంటల్లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్. మనవాళ్లలో చాలామందికి ఇది యేల్ యూనివర్సిటీ ఊరు, అంతే. పిల్లల కాలేజీ టూర్‌కని వచ్చి, ఆ రాతి భవనాల ముందు ఫొటోలు దిగి, చీకటిపడేలోపు వెళ్లిపోతారు. మేమూ ఆ సాకుతోనే బయల్దేరాం గానీ, నా మనసంతా పిజ్జాలకు పేరుపడ్డ వూస్టర్ స్ట్రీట్ మీదే. కొన్ని రైళ్లు యూనియన్ స్టేషన్ దాటి స్టేట్ స్ట్రీట్ స్టేషన్ దాకా వెళ్తాయి. అక్కడ దిగితే నడక బాగా తగ్గుతుంది.

ఆ వీధి ఉన్న వూస్టర్ స్క్వేర్ ఒకప్పుడు ఫ్యాక్టరీ కూలీల పేట. తాళాలూ ఇనప సామానూ చేసే సార్జెంట్ కంపెనీ 1864లో ఈ ఊరికి వచ్చాక, దక్షిణ ఇటలీలోని అమాల్ఫీ తీరం నుంచి వచ్చినవాళ్లు చాలామంది అందులో పనికి కుదిరారు. ఒకరి వెనక ఒకరు, అన్న వెనక తమ్ముడు, చివరికి ఊళ్లకు ఊళ్లే తరలివచ్చినంత పనైంది. ఫ్రాంక్ పేపే ఆ తీరంలోని మైయోరి నుంచి 1909లో వచ్చిన కుర్రాడు. కొన్నాళ్లు ఫ్యాక్టరీలో చేశాడు, మొదటి ప్రపంచ యుద్ధానికి ఇటలీ వెళ్లి పోరాడాడు, పెళ్లి చేసుకుని భార్యతో తిరిగొచ్చాడు. బేకరీలో పనిచేస్తూ, టమాటా పిజ్జాలు తలమీద పెట్టుకుని బజారులో తిరిగి అమ్మేవాడట. ఆ కష్టమే 1925లో సొంత పిజ్జా కొట్టయింది, అదే పేపేస్. 1936లో పక్కనున్న పెద్ద భవనంలోకి మారారు, ఇప్పటికీ అక్కడే. మొదటి చోటుని 'ది స్పాట్' అంటారు. అది తెరిచి ఉన్న రోజున వెళ్తే అక్కడా అవే పిజ్జాలు, కాబట్టి ముందు అక్కడ కనుక్కోండి.

వారాంతం మధ్యాహ్నం పేపేస్ ముందు క్యూ పేవ్‌మెంట్ మీదకు వచ్చేస్తుంది. రిజర్వేషన్ ఉంటుందని ఆశపడకండి. లోపలికి వెళ్తే ఎదురుగా తెల్ల టైల్స్ పొయ్యి. అందులో కాలేది కట్టె కాదు, రాతి బొగ్గు. వేడి 600 డిగ్రీల ఫారెన్‌హీట్ పైనే. మనిషి ఎత్తుకన్నా పొడుగున్న చెక్క తెడ్డు పట్టుకుని ఒకాయన పిజ్జాని లోపలి మూలకి తోస్తాడు, కాసేపటికి ఇంకో మూలకి జరుపుతాడు. ఏ మూల ఎంత వేడో వాళ్లకి చూపుతోనే తెలిసిపోతుంది. కాలిన పిజ్జా గుండ్రంగా ఉండాలన్న పట్టింపు ఎవరికీ లేదు. కాగితం పరిచిన రేకు ట్రేలో, వంకరటింకరగా కోసి, అలాగే తెచ్చి బల్లమీద పెడతారు.

మా అత్తగారు అంచు విరిచి చూసి "మాడ్చేశారేమే అమ్మాయ్!" అన్నారు. "తిని చూడండి అత్తయ్యా" అన్నాను. అడుగు మాడిన దిబ్బరొట్టె ఇష్టపడే మనిషి కదా, రెండో ముక్క ఆవిడే అడిగి తీసుకున్నారు. ఇక్కడ నల్ల మచ్చలు కావాలనే తెప్పిస్తారు. ఆ కాలిన చేదు, టమాటా పులుపు కలిస్తేనే రుచి.

శాకాహారులకి ఒక మాట. ఇక్కడ 'ప్లెయిన్' అడిగితే మోజరెల్లా రాదు. టమాటా, ఆలివ్ నూనె, పైన తురిమిన పెకరీనో చీజ్ మాత్రమే. మోజరెల్లా కావాలంటే విడిగా చెప్పాలి. అసలు చిక్కు పెకరీనో రొమానోతో: ఆ గొర్రెపాల చీజ్‌ని తోడుపెట్టేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెనెట్‌తో, అంటే పాలను విరగ్గొట్టే పదార్థంతో. పట్టింపు ఉన్నవాళ్లు చీజ్ అసలే వద్దని ముందే చెప్పండి. అత్తగారికి అలాగే తెప్పించాం, ఏ పేచీ లేకుండా ఇచ్చారు.

మాంసాహారులు మాత్రం వైట్ క్లామ్ వదలకూడదు. పచ్చి ఆల్చిప్పల మాంసం, వెల్లుల్లి, ఒరెగానో, చీజ్, ఆలివ్ నూనె, టమాటా ఊసే లేదు. మొదట్లో ఆల్చిప్పలు చిప్పతోనే తినడానికి పెట్టేవారట, 1960లలో పిజ్జా మీదకి ఎక్కాయి. సముద్రం పక్కనే కదా. మా ఆయనకి చేపలంటే ప్రాణం, ఆయన ఓటు దీనికే. నా ఓటు ప్లెయిన్‌కే.

అదే వీధిలో, కొద్ది అడుగుల దూరంలో, పేపే మేనల్లుడు నడిపిన శాలీస్ 1938 నుంచి ఉంది. చెక్క పలకల గోడలు, ఇరుకు బల్లలు, ఇంకా పల్చటి పిజ్జా, ఇంకా గట్టిగా కాలిన అంచు. టమాటా సాస్ విషయంలో నాకు ఇదే ముందు. అయితే కుటుంబం 2017లో దీన్ని అమ్మేసింది, ఇప్పుడు వేరే ఊళ్లలోనూ బ్రాంచీలు తెరిచారు. పేపేస్ కూడా 2006లో ఫెయిర్‌ఫీల్డ్‌లో మొదలుపెట్టి చాలాచోట్లకి వెళ్లింది. బ్రాంచీలో తిని "అంతేనా?" అని పెదవి విరిచేవాళ్లు నాకు తెలుసు. తిరిగొచ్చి అసలు పొయ్యి దగ్గర తినండి, అప్పుడు మాట్లాడుకుందాం. స్టేట్ స్ట్రీట్ మీద మోడర్న్ అనే పిజ్జా కొట్టు 1934 నాటిది, దాని పొయ్యి ఇప్పుడు నూనెతో మండేది. క్యూ కాస్త ఓపికపట్టేలా ఉంటుంది, చిన్నపిల్లలున్నవాళ్లకి నేను దీన్నే చెప్తాను.

తాగడానికి పక్కనున్న ఈస్ట్ హేవెన్‌లో 1922 నుంచి తయారవుతున్న ఫాక్సన్ పార్క్ సోడా అడగండి. వైట్ బర్చ్ రకం మా అబ్బాయికి నచ్చింది, నాకు టూత్‌పేస్ట్ గుర్తొచ్చింది. తిన్నాక వూస్టర్ స్క్వేర్ పార్కులో ఒక చుట్టు తిరగండి. 1892 నుంచి ఉన్న కొలంబస్ విగ్రహాన్ని 2020లో తీసేశారు, ఇప్పుడక్కడ వలసొచ్చిన కుటుంబం శిల్పం ఉంది. అటు తూర్పుగా ఇంటర్‌స్టేట్ 91 మోత. ఆ రోడ్డు వేసినప్పుడే పేటలో ఒక ముక్క అవతలికి పోయింది.

ఇక బస. డౌన్‌టౌన్‌లో ఉంటే అన్నీ నడకదూరమే కానీ రేటు ఎక్కువ, పైగా రాత్రి పార్కింగ్ వేరే. మేము దిగిన హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ ఉచితమని బుకింగ్‌లో రాశారు, కౌంటర్ దగ్గర మాత్రం ఆ రేటుకి వర్తించదన్నారు. బిల్లు ముందే సరిచూసుకోండి. హైవే పక్క మోటెళ్లు చవక, కారు ఉంటేనే. మే నెలలో యేల్ స్నాతకోత్సవం వారం అసలు పెట్టుకోవద్దు. యేల్ ఆర్ట్ గ్యాలరీ ప్రవేశం ఉచితం, క్యూ టెన్షన్ లేకుండా పొద్దున అక్కడ గడపొచ్చు. పిజ్జా బిల్లు మీద 7.35 శాతం పన్ను, టిప్ అదనం. ఒక్క పూటే ఉంటే పేపేస్‌లో షాపు తెరిచే వేళకి చేరుకుని, ప్లెయిన్ ఒకటి, క్లామ్ ఒకటి, రెండూ చిన్న సైజులో చెప్పండి.