మ్యూజ్‌స్కోర్ 4: నోట్లు ఎక్కించడం తేలికే, తంటా అంతా పేజీతోనే

స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) టైప్‌సెట్ చేయడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రామ్‌లలో ముందుగా చూడాల్సింది మ్యూజ్‌స్కోరే. లిలీపాండ్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్ ముద్రణ ఇంకా అందంగా ఉంటుంది గానీ, అందులో స్వరాలను కోడ్‌లా టైపు చేయాలి. ఒక చిన్న హెచ్చరిక: ఉచితం అన్నది ప్రోగ్రామ్‌కే. అదే పేరుతో ఉన్న వెబ్‌సైట్‌లో ఇతరుల స్కోర్లు (స్వరలిపి ప్రతులు) చాలావాటిని దించుకోవాలంటే చందా కట్టాలి. రెండూ ఒకటే అనుకుని తిట్టుకునేవాళ్లు చాలామంది.

మౌస్ పక్కన పెట్టేస్తేనే దీని వేగం తెలుస్తుంది. 'ఎన్' నొక్కితే నోట్ ఇన్‌పుట్ మొదలవుతుంది. నోట్ నిడివి అంకెలతో: 5 నొక్కితే క్వార్టర్ నోట్, 6కి హాఫ్, 4కి ఎయిత్. ఆ తర్వాత 'ఎ' నుంచి 'జి' దాకా అక్షరాలే స్వరాలు. ఆక్టేవ్ తప్పితే కంట్రోల్ పట్టుకుని పై బాణమో కింది బాణమో. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే: మామూలు పద్ధతిలో కొత్త నోట్ పాతదాన్ని తుడిచేసి ఆ చోటే కూర్చుంటుంది, పక్కకు జరపదు. మధ్యలో ఒక నోట్ దూర్చాలంటే కంట్రోల్, షిఫ్ట్‌తో కలిపి ఆ అక్షరం నొక్కాలి. డిలీట్ కొడితే నోట్ పోయి దాని నిడివంత రెస్ట్ (మౌన విరామం) మిగులుతుంది. ఆ కాలాన్నే తీసేయాలంటే కంట్రోల్ డిలీట్.

సాహిత్యానికి కంట్రోల్ ఎల్. స్పేస్ కొడితే తర్వాతి నోట్‌కు వెళ్తుంది, ఒకే పదంలోని అక్షరాల మధ్య హైఫన్ కొట్టాలి. వేగాన్ని మామూలు స్టాఫ్ టెక్స్ట్‌గా రాస్తే కాగితం మీద బాగానే కనిపిస్తుంది, ప్లేబ్యాక్ మాత్రం పట్టించుకోదు. టెంపో గుర్తుగానే పెట్టాలి.

అసలు పని పేజీ దగ్గర. స్టాఫ్ స్పేస్ (పక్కపక్క రెండు గీతల మధ్య దూరం) 1.75 మిల్లీమీటర్లయితే స్టాఫ్ ఎత్తు 7 మిల్లీమీటర్లు, దాన్ని 1.5 చేస్తే 6. లైన్లు ఇరుకైనప్పుడు ముందు మార్చాల్సింది ఈ అంకె. నోట్లనూ డైనమిక్స్‌నూ (శబ్ద తీవ్రత గుర్తులనూ) ఒక్కొక్కటిగా చేత్తో లాగారో, తర్వాత ఒక్క బార్ చేర్చగానే ఆ సర్దుబాట్లన్నీ సందర్భం తప్పి మిగిలిపోతాయి. అన్ని చోట్లా వర్తించే మార్పును స్టైల్ సెట్టింగుల్లోనే చేయాలి. బార్‌లైన్ ఎంచుకుని ఎంటర్ కొడితే అక్కడ లైను విరుగుతుంది, కంట్రోల్ ఎంటర్‌తో పేజీ. పేజీ విరుపు వాయించేవాళ్లకు రెస్ట్ ఉన్న చోట పడాలి. లేకపోతే పేజీ తిప్పడానికి మూడో చెయ్యి కావాలి! స్కోర్‌లో పెట్టిన విరుపుల మీద ఆధారపడకుండా ప్రతి పార్ట్‌నూ (ఒక్కో వాద్యానికి ఇచ్చే కాగితాన్ని) విడిగా తెరిచి చూడాలి.

పార్టుల విషయంలో దీనికి మంచి మార్కులే వేయాలి. స్కోర్‌లో స్వరం దిద్దితే పార్ట్‌లోనూ మారుతుంది. ముద్రించే ముందు మాత్రం కాన్సర్ట్ పిచ్ (స్వరాలను వినిపించే శ్రుతిలోనే చూపించే) బటన్ ఆపి ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉండగా ఇచ్చిన కాగితం చూసి బి-ఫ్లాట్ క్లారినెట్ వాయిస్తే, వినిపించేది ఒక హోల్ టోన్ కిందకి.

పంచుకునేటప్పుడు చదివేవాళ్లకు పీడీఎఫ్ చాలు. దిద్దేవాళ్లకు అసలు ఫైలే పంపాలి, కానీ అవతల ఉన్నది మూడో వెర్షన్ అయితే నాలుగోదాని ఫైల్ తెరుచుకోదు. అప్పుడూ, వేరే ప్రోగ్రామ్ వాడేవాళ్లకూ మ్యూజిక్ఎక్స్ఎంఎల్ (ప్రోగ్రామ్‌ల మధ్య స్కోర్లు మార్చుకునే ఫైల్ రకం). అందులో స్వరాలు, సాహిత్యం చాలావరకు క్షేమంగా చేరతాయి; మీరు తీర్చిదిద్దిన పేజీ అమరిక చేరుతుందని నమ్మకం పెట్టుకోవద్దు, పీడీఎఫ్‌ను నమూనాగా జత చేయండి.

మ్యూజ్ సౌండ్స్ (ప్లేబ్యాక్ కోసం విడిగా దించుకునే వాద్య ధ్వనులు) వినడానికి బాగుంటాయి. అయితే డౌన్‌లోడ్ పెద్దది, పాత కంప్యూటర్‌కు బరువు కూడా. కాగితం కోసమే అయితే వాటి జోలికి పోనక్కర్లేదు.