అసర్ టూల్ సమీక్ష: స్థాయి చెబుతుంది, తప్పెక్కడో చెప్పదు

ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఇంటింటి సర్వేలో వాడుతున్న పఠన పరీక్ష ఇది. తెలుగులోనూ ఉంది, ఉచితం. సర్వే కోసం తయారైన ఈ కాగితాన్ని తరగతి గదిలో వాడుకోవాలనుకునే టీచర్లకు, వాళ్లకు తోడుగా వెళ్లే సీఆర్పీలకు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు), మెంటర్లకు ఈ సమీక్ష. పిల్లల్ని గుంపులు చేయడానికి అయితే అయిదుకు నాలుగున్నర. రేపటి పాఠం ఏమిటో తేల్చుకోవడానికి రెండుకు మించి ఇవ్వలేం.

పద్ధతి తేలిక. ఒక్కో పిల్లని విడిగా కూర్చోబెట్టి ముందు పేరా ఇవ్వాలి. మూడు తప్పులకు మించకుండా, వాక్యంలా చదివితే కథకు వెళ్లాలి. నెమ్మదిగా చదివినా ఫరవాలేదు, పదం పదం విడగొట్టి చదివితే మాత్రం పేరా స్థాయి కాదు. పేరా రాకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. రెండింటిలోనూ అయిదింట కనీసం నాలుగు రావాలి. పిల్లకు అయిదు నిమిషాలు వేసుకుంటే 30 మంది తరగతికి రెండున్నర గంటలు. ఒకే రోజు కానిచ్చేద్దామనుకుంటే చివరి పదిమందికి అంచనా మార్కులే పడతాయి. మూడు రోజులకు పంచుకోండి. వరసలో నిలబెట్టి అడగకండి, వెనకాలవాడు పేరా వినే నేర్చేసుకుంటాడు.

అసలు చిక్కు తెలుగు లిపితో వస్తుంది. అక్షరాలకూ పదాలకూ మధ్య ఈ టూల్‌లో మెట్టు లేదు. మనకు అక్కడే గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి. వర్ణమాలంతా వచ్చి గుణింతం దగ్గర ఆగిన పిల్ల, నాలుగక్షరాలతో గట్టెక్కిన పిల్ల, ఇద్దరూ 'అక్షర స్థాయి' గడిలోనే పడతారు. ఇద్దరికీ ఒకే పాఠం చెబితే ఒకరికి విసుగు, ఇంకొకరికి భయం. 'అమ్మ' చదివిందని ఒత్తులు వచ్చినట్టు లెక్కేయకండి, అది బొమ్మలా గుర్తుపట్టే మాట. 'కత్తి'ని 'కతి' అంటుందా, 'పాలు'ని 'పలు' అంటుందా చూడండి.

అందుకని టూల్ పక్కన ఇంకో కాగితం పెట్టుకోవాలి. నిలువునా పేర్లు, అడ్డంగా అయిదు గడులు: అక్షరం, గుణింతం, ఒత్తు, ఊహించి చదవడం, అర్థం. పిల్ల తప్పు చదివిన మాటను ఆ గడిలో ఉన్నదున్నట్టు రాయాలి. తనే సరిదిద్దుకుంటే అది తప్పు కాదు. అర్థం సంగతి టూల్ అడగదు కాబట్టి పేరా అయ్యాక ఒక ప్రశ్న మీరే వేయాలి.

మెంటర్లకు ఎదురయ్యే ఇబ్బంది వేరు. స్థాయిలు పోర్టల్‌కో ఎక్సెల్‌కో ఎక్కగానే పని అయిపోయిందనుకుంటారు. పైగా తక్కువ చూపిస్తే ప్రశ్నిస్తారన్న టీచర్ల భయంతో పిల్లలు కాగితం మీద ఒక మెట్టు పైకి ఎక్కేస్తారు. దీనికి టీచర్‌ని తప్పుపట్టి లాభం లేదు, లెక్క అడిగే తీరే అలా ఉంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతికి పెట్టిన నిమిషానికి 60 పదాల లక్ష్యం కూడా తోడైతే పిల్లలు పరుగెత్తి చదువుతారు. పైగా తెలుగు పదాలు పొడవు, 'వెళ్లిపోయాడంటున్నారు' మనకు ఒక్క పదం మరి!

మెంటర్లు బడికి వెళ్లినప్పుడు స్థాయిల చార్టులతో మొదలుపెట్టకండి. ముగ్గురు పిల్లల్ని టీచర్‌తో కలిసి పరీక్షించి, ఇద్దరూ విడివిడిగా స్థాయి రాసి పోల్చుకోండి. తేడా వచ్చిన పిల్ల దగ్గరే మాట్లాడాల్సిన విషయం దొరుకుతుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలు తప్పుల కాగితం ముందేసుకుని ఒక్కటే అడగండి: రేపు ఒత్తుల గుంపుకి ఏం చేయిస్తారు? నెల తర్వాత మళ్లీ పరీక్షించేటప్పుడు టూల్‌లో వేరే నమూనా కాగితం తీసుకోండి. మొదటి పేరా అప్పటికే తరగతంతా అప్పజెప్పేస్తుంటుంది.